నాటిన మొక్కకు మొదటి వేసవి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఎదురుగా కూర్చున్న పూర్వ విద్యార్థులారా, మీలో కొందరు తాతలూ అమ్మమ్మలూ అయ్యారని తెలుసు. అయినా ఈ ఆవరణలో ఉన్నంతసేపు నాకు మీరు పిల్లలే.

నాకిచ్చిన అంశం ‘యువజన కార్యక్రమాలు – జీవన నైపుణ్యాలు – పర్యావరణ పరిరక్షణ’. ఇరవై నిమిషాలలో ముగించమన్నారు. బెల్లు కొట్టించే అధికారం ఇప్పుడు నా చేతిలో లేదు గనుక, సమయం మించితే అధ్యక్షులవారు గడియారం చూపించవచ్చు.

జీవన నైపుణ్యాలు అనే మాట ఈమధ్య ప్రతి శిక్షణలోనూ వినిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పది నైపుణ్యాలను పేర్కొంది. నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, మనసులోని మాట స్పష్టంగా చెప్పడం, నలుగురితో సంబంధాలు నిలుపుకోవడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడం, ఉద్వేగాలను అదుపులో ఉంచుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. బోర్డు మీద రాసి, నాలుగు మార్కుల ప్రశ్నగా ఇస్తే మన పిల్లలు పదీ గడగడా అప్పజెప్తారు. కానీ అప్పజెప్పిన ఆ పిల్లవాడు, బడి మొక్కల్ని మేస్తున్న మేక యజమాని దగ్గరికి వెళ్ళి, ‘బాబాయ్, కొంచెం కట్టేసుకోండి’ అని తగవు రాకుండా చెప్పి రాగలడా? నాలుగు మార్కుల జవాబు అక్కడ పనికిరాదు.

ఈ నైపుణ్యాలు పాఠంగా చెబితే రావు. చేయకపోతే నిజంగా ఏదో నష్టపోయే పని ఒకటి పిల్లల చేతుల్లో కొంతకాలం ఉండాలి. ఈ రోజు నేను చెప్పదలుచుకున్న మాట ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

ఈ సంగతి ముందు తరాల వాళ్ళకు తెలియనిది కాదు. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ ఒక ప్రయోగ శిబిరం పెట్టారు. ఈటన్, హారో వంటి ఖరీదైన బడుల పిల్లలనూ, దగ్గరి పట్టణాలలోని కార్మికుల పిల్లలనూ కలిపి ఇరవై మందిని తీసుకెళ్ళారు. నాలుగు చిన్న దళాలు చేసి, ఒక్కో దళానికి ఒక పిల్లవాడినే నాయకుడిగా పెట్టారు. స్కౌటు ఉద్యమానికి పునాది ఆ ఏర్పాటే. పెద్దవాళ్ళు పక్కన ఉంటారు, దళాన్ని నడిపేది మాత్రం పిల్లలు. మన దేశంలో విడివిడిగా ఉన్న స్కౌటు సంఘాలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక్కటయ్యాయి. ఖాకీ చొక్కా, మెడలో స్కార్ఫు, నడుముకు తాడు వేసుకుని ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అంటూ తిరిగినవాళ్ళు ఈ సభలోనూ ఉన్నారు. ముడులు ఎన్ని గుర్తున్నాయో అడగను గానీ, డేరా వేసిన చోటు వదిలి వచ్చేటప్పుడు మన ఆనవాలు మిగలకుండా శుభ్రం చేసి రావాలన్న నియమం మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. పర్యావరణం అనే మాట మన పాఠ్యపుస్తకాల్లోకి రాకముందే ఆ నియమం మీకు అలవాటైంది.

తరువాత జాతీయ సేవా పథకం, అంటే మన ఎన్.ఎస్.ఎస్. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. ‘నేను కాదు, నువ్వు’ అన్నది దాని నినాదం. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళ సేవ, ఒక పల్లెలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఇక్కడినుంచి కాలేజీకి వెళ్ళిన చాలామంది మొదటిసారి పాతికమందికి వంట చేసిందీ, మొదటిసారి ముక్కూ మొహం తెలియని ఊరివాళ్ళ ముందు నిలబడి మాట్లాడిందీ ఆ శిబిరాల్లోనే అని నాకు చెబుతుంటారు. రోడ్డు ఎంత వేశారో ఎవరూ చెప్పరు. సాంబారు మాడిపోతే ఏం చేశారో అందరూ చెబుతారు! నవ్వుకుంటాం గానీ, సమస్య పరిష్కారం అంటే అదే కదా.

ఇక బడుల సంగతి. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి చేయాలని ఆదేశించింది. 2001–02లో జాతీయ హరిత దళం వచ్చి, బడుల్లో ఎకో క్లబ్బులు ఏర్పడ్డాయి. దీనికి ఎంతో ముందే, 1950లో, అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించారు. తెలంగాణలో 2015 నుంచి హరితహారం, ఆంధ్రప్రదేశ్‌లో వనం–మనం చూశాం. 2024 జూన్ 5న అమ్మ పేరిట ఒక మొక్క నాటే కార్యక్రమం మొదలైంది. అంటే, కార్యక్రమాలకు కొదవ లేదు. ఉపాధ్యాయ మిత్రులు తల ఊపుతున్నారు. గుంట తవ్వాలి, మొక్క పెట్టాలి, ఫోటో తీయాలి, సాయంత్రంలోగా అప్‌లోడ్ చేయాలి. వాళ్ళ కష్టం నాకు తెలుసు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. మన బడి జూన్ 12న తెరుస్తారు. వానలు చూసుకుని జూలైలోనో ఆగస్టులోనో మొక్క నాటుతారు. డిసెంబరు దాకా దానికి పెద్ద కష్టం ఉండదు. ఫిబ్రవరి దాటాక పాదు ఎండడం మొదలవుతుంది. మార్చిలో పరీక్షల హడావిడి, ఒంటిపూట బడులు. సాధారణంగా ఏప్రిల్ 23 చివరి పనిదినం. 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. అంటే 49 రోజులు. వేర్లు ఇంకా లోపలికి దిగని పసి మొక్కకు ఏడాది మొత్తంలో నీళ్ళు అత్యవసరమైన 49 రోజులూ, బడిలో మనిషి లేని 49 రోజులూ ఒకటే. జూన్‌లో గేటు తెరిచేసరికి పుల్ల మిగులుతుంది. అదే గుంటలో మళ్ళీ కొత్త మొక్క పెడతాం. వేపో, కానుగో రెండు మూడు వేసవులు గట్టెక్కితే తరువాత తన తిప్పలు తానే పడుతుంది. మనం మొదటి వేసవి దగ్గరే ఆగిపోతున్నాం.

నా ఉద్దేశంలో మొక్క ఎండిపోవడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ పుల్లను చూసిన పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? పని మొదలుపెట్టిన రోజే పండుగ, తరువాత దాని సంగతి ఎవరికీ అక్కరలేదు అని నేర్చుకుంటాడు. అదీ ఒక జీవన పాఠమే. మనం నేర్పదలుచుకున్నది మాత్రం అది కాదు.

అదే పిల్లలకు మొక్కను నాటే రోజుతో పాటు ఆ 49 రోజులను కూడా అప్పగిస్తే ఏమవుతుందో చూద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై మంది, ముప్పై మొక్కలు అనుకుందాం. మొదటి ప్రశ్న నీళ్ళు ఎక్కడివి? బోరు మోటారు గదికి సెలవుల్లో తాళం. మధ్యాహ్న భోజనం దగ్గర మూడు వందల మంది తలా ఒక లీటరు నీళ్ళతో ప్లేటు కడిగితే రోజుకు 300 లీటర్లు కాలువలో పోతున్నాయి. మొక్కకు పది లీటర్ల చొప్పున ముప్పై మొక్కలకు సరిగ్గా సరిపోతాయి. మెతుకులు ముందే తీసేసి, మధ్యలో ఒక చిన్న గుంటలో కంకర, ఇసుక వేసి నీళ్ళు దాటిస్తే బడి నడిచినన్నాళ్ళు బాధ లేదు. మరి సెలవుల్లో? అప్పుడు ఇంకో ఉపాయం కావాలి. మొక్క పక్కన మట్టికుండ మెడ దాకా పాతిపెట్టి, నీళ్ళు నింపి, పైన మూత పెడితే నీరు మెల్లగా ఊరి వేరుకు చేరుతుంది. పాదులో ఎండుటాకులు మందంగా పరిస్తే తడి త్వరగా ఆరిపోదు. రోజూ రానవసరం లేదు, వంతులు వేసుకుంటే చాలు. ఈ లెక్కలన్నీ పిల్లలే కట్టగలరు. మనం తొందరపడి జవాబు చెప్పేయకుండా ఉండాలి, అంతే. ఉపాధ్యాయుడికి అదే అన్నిటికన్నా కష్టమైన పని.

రెండో ప్రశ్న వంతులు. ఒకడు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాడు, వాడి వంతు ఎవరు చేయాలి? వచ్చాక బదులుగా రెండు రోజులు చేస్తాడా? చేయకపోతే వాడిని ఏమనాలి? అందరి ముందు తిట్టాలా, పక్కకు పిలిచి అడగాలా? మూడో ప్రశ్న మేక. ముళ్ళకంప ఎక్కడినుంచి తేవాలి, ఎవరిని అడగాలి, అడిగితే కాదన్నవారితో మళ్ళీ ఎలా మాట్లాడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పదిలో సగం ఈ మూడు ప్రశ్నల్లోనే వచ్చేశాయి. ఎవరూ వాటిని పేరుపెట్టి చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది రిజిస్టరు. మొక్క నంబరు, నాటిన తేదీ, ఎత్తు, ఎవరి వంతు, ఎలా ఉంది. ఒక గడి మాత్రం తప్పకుండా ఉండాలి: ‘ఎండిపోయింది – కారణం’. ఆ గడి నింపడానికి పెద్దవాళ్ళమైన మనకే చెయ్యి ఆడదు. నూటికి నూరు బతికాయని రాయడం తేలిక. పన్నెండేళ్ళ పిల్ల ‘పదకొండో నంబరు మొక్క మే 9న ఎండిపోయింది, మా వంతులో నాలుగు రోజులు నీళ్ళు పోయలేదు’ అని తన చేతిరాతతో రాసి సంతకం పెట్టిందంటే, ఆ పిల్ల రేపు బ్యాంకులో కూర్చున్నా, పంచాయతీలో కూర్చున్నా తప్పుడు లెక్క రాయడానికి ఒకసారి ఆగుతుంది. అలా రాసిన పిల్లను మనం కోప్పడకూడదు. కోప్పడితే వచ్చే ఏడు అన్నీ బతికాయని రాస్తుంది.

ఇదంతా ఊహ అనుకోకండి. మనకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. చెన్నైలో విద్యార్థుల సముద్ర తాబేళ్ళ పరిరక్షణ బృందం 1988 నుంచి పనిచేస్తోంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళే అక్కడా వస్తాయి. జనవరి నుంచి ఆ పిల్లలు రాత్రిపూట నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఇసుకలో నడుస్తారు. తాబేలు పాకిన జాడ పట్టుకుని, గూడు కనిపెట్టి, సుమారు వంద గుడ్లను జాగ్రత్తగా తీసి, కుక్కలూ మనుషులూ తాకని సంరక్షణ స్థలంలో అదే లోతున పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తే సముద్రంలోకి వదులుతారు. తీరం వెంబడి విద్యుద్దీపాలు వెలుగుతుంటే తాబేలు పిల్లలు దారి తప్పి ఊరి వైపు పాకుతాయి. అందుకే వాళ్ళు దీపాలు ఆర్పమని తీరంలోని ఇళ్ళవాళ్ళను బతిమాలవలసి వస్తుంది. అర్ధరాత్రి నడక, గంటల తరబడి ఓపిక, తెలియని ఇంటి తలుపు కొట్టడం, ఒక్కోసారి గూడు దొరకకుండానే తిరిగి రావడం. ముప్పై ఏళ్ళకు పైగా ఒక తరం నుంచి ఇంకో తరం ఆ నడకను అందుకుంటూ వస్తోంది. అందులో నాకు నచ్చింది అదే. అక్కడ సీనియరు వెళ్ళేలోగా జూనియరుకు జాడ పట్టడం నేర్పి వెళతాడు. మన బడిలో తొమ్మిదో తరగతి ఎనిమిదికి మొక్కల్ని అప్పగించి వెళితే అదే పని.

ఏ మొక్క నాటాలన్నది కూడా పిల్లలతో చర్చించవలసిన విషయమే. మన మెట్ట భూములన్నిటా ఎవరూ నాటకుండానే కమ్ముకున్న సర్కారు తుమ్మను చూడండి. అమెరికా ఖండం నుంచి వచ్చింది. పచ్చదనానికీ వంటచెరకుకూ పనికొస్తుందని పెద్దలు తెచ్చి పెంచితే, తరువాత చెరువులూ పొలాలూ ఆక్రమించింది. నిన్నమొన్నటి కోనోకార్పస్ సంగతి చూడండి. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది అని రోడ్ల మధ్య వరసగా నాటారు. ఆ తరువాత దాని మీద అభ్యంతరాలు వచ్చి తెలంగాణలో హరితహారం నుంచి దాన్ని తప్పించారు. పచ్చగా ఉన్నదంతా మంచిదేనా? ఎవరికి మంచిది? ఏ పిట్ట దాని మీద వాలుతోంది? ఈ ప్రశ్నలు అడగడం నేర్చుకున్న పిల్లవాడు రేపు ఓటు అడగడానికి వచ్చినవారిని కూడా ప్రశ్న అడుగుతాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, పిల్లలు జీతం లేని పనివాళ్ళు కారు. పెద్దల సభ అయ్యాక పెద్దలు పారేసిన సీసాలు ఏరడానికి పిల్లలను పిలిచి, దానికి స్వచ్ఛత కార్యక్రమమని పేరు పెట్టడం న్యాయం కాదు. ఏం చేయాలో, ఎందుకు చేయాలో ఆలోచించే హక్కు పిల్లలకు ఉంటేనే అది కార్యక్రమం, లేకపోతే వెట్టి. రెండోది, పలుగూ పారా అబ్బాయిలకు, చీపురు అమ్మాయిలకు అని మనకు తెలియకుండానే పంచేస్తాం. రిజిస్టరు రాయడం, పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడడం, గుంట తవ్వడం, ఊడవడం అందరికీ వంతుల ప్రకారమే రావాలి.

తల్లిదండ్రులు అడిగే మాట కూడా నాకు తెలుసు. ‘మాస్టారూ, వీటికి మార్కులొస్తాయా?’ అంటారు. నేరుగా రావు. కానీ ఈ సభలో ఉన్నవారిని అడగండి. ఉద్యోగంలో, వ్యాపారంలో, సేద్యంలో ఎక్కడ ఆగిపోయారు, ఎక్కడ నెగ్గుకొచ్చారు అని. నలుగురిని కూడగట్టలేకపోవడం దగ్గరో, కాదన్నవాడితో మళ్ళీ మాట్లాడలేకపోవడం దగ్గరో, మొదలుపెట్టింది చివరిదాకా నడపలేకపోవడం దగ్గరో ఆగిపోయామని చెప్పేవారే ఎక్కువ. సూత్రం గుర్తురాక ఆగిపోయిన వాళ్ళు తక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలన్న చర్చ ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఉందని విన్నాను. స్వాగత తోరణం కట్టాలని కొందరు, కళావేదిక కావాలని కొందరు, డిజిటల్ తరగతి గది అని కొందరు అంటున్నారు. వేటికీ నేను అడ్డు చెప్పను. కానీ వాటితో పాటు మూడు చిన్న తీర్మానాలు చేయమని అడుగుతున్నాను. మూడూ కలిపినా తోరణానికి పట్టే సిమెంటు ఖర్చు కూడా కాదు.

మొదటిది, ఊళ్ళోనే ఉంటున్న పూర్వ విద్యార్థులు ఏడుగురు కావాలి. 49 రోజులంటే ఏడు వారాలు. తలా ఒక వారం. సెలవుల్లో ఉదయం ఒక గంట గేటు తాళం తీసి, పిల్లలు వంతు చేసి వెళ్ళేదాకా ఉండాలి. నీళ్ళు వాళ్ళే పోస్తారు. మీరు అక్కడ ఉంటే అమ్మానాన్నలు ధైర్యంగా పంపిస్తారు, ముఖ్యంగా అమ్మాయిలను. హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్నవారు మొక్కలకు డబ్బు పంపుతామంటారు. సంతోషం. పలుగులు, కుండలు, పైపు కొనండి. గంట సమయం ఇచ్చే మనిషి మాత్రం ఊళ్ళోవాళ్ళే కావాలి.

రెండోది, ఏటా జరిగే సంఘం సమావేశంలో జమా ఖర్చులు చదివినట్టే మొక్కల రిజిస్టరు కూడా చదవాలి. పిల్లలే వచ్చి చదవాలి. ఎన్ని నాటామన్నది అడగవద్దు. ఎన్ని రెండో వేసవి చూశాయో అడగండి. ఎండిపోయినవాటి కారణాలు వినండి. ఆ పది నిమిషాలు పెద్దలు శ్రద్ధగా వింటే, తమ పని నిజమైన పని అని పిల్లలకు అర్థమవుతుంది.

మూడోది, ఈ ఆవరణలో ఏ కట్టడం మొదలుపెట్టినా ముందు ఎకో క్లబ్బు పిల్లలతో చెట్ల లెక్క రాయించండి. ప్లాను గీసేటప్పుడు ఆ కాగితం ఇంజనీరు ముందు పెట్టండి. తోరణం పది అడుగులు అటు జరగవచ్చు. యాభై ఏళ్ళ చింతచెట్టును జరపలేం. అవసరమై ఒక చెట్టు తీయవలసి వస్తే, ఎందుకు తీస్తున్నారో పిల్లలను కూర్చోబెట్టి చెప్పండి. వాళ్ళు కాదంటే వాళ్ళ వాదన వినండి. మనం చెప్పే జీవన నైపుణ్యాలు వాళ్ళకు వచ్చాయో లేదో ఆ రోజు తెలుస్తుంది. మనకు వచ్చాయో లేదో కూడా తెలుస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఎకో క్లబ్బు బాధ్యత ఎవరికి ఇచ్చినా, అది అదనపు భారమే. కాదనను. ఆ ఒక్కరి మీదే వదిలేస్తే ఆయన బదిలీ అయిన రోజే క్లబ్బు ఆగిపోతుంది. గణితం మాస్టారు నీళ్ళ లెక్క, తెలుగు టీచరు పంచాయతీకి రాసే అర్జీ, సాంఘికం మాస్టారు ఊరి చెరువు చరిత్ర చూసుకుంటే ఎవరి మీదా బరువు పడదు, పాఠమూ నడుస్తుంది.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ముగిస్తాను. ఆ ఏడుగురి పేర్లు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం రిజిస్ట్రేషన్ బల్ల మీద పెట్టించాను. మొదటి వారం, అంటే ఏప్రిల్ ఆఖరి వారం, నా పేరు రాశాను. ఇంకా ఆరు వారాలు ఖాళీగా ఉన్నాయి. భోజనాలు సిద్ధమయ్యాయంటున్నారు. స్టీలు ప్లేట్లు పెట్టించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. తిన్నాక ఎవరి ప్లేటు వాళ్ళు కడుక్కుని, ఆ నీళ్ళు కుళాయి వెనక ఉన్న కానుగ మొక్కల పాదుల్లో పోయండి. మెతుకులు మాత్రం ముందే తీసేయాలి సుమా!